నవలా రచయితను ఆధారాల గురించి, చరిత్ర రచయితను కథనం గురించి అడగండి

మీ ఊరి గ్రంథాలయంలో ఒకే సాయంత్రం ఒక నవలా రచయితతో, ఒక చరిత్ర రచయితతో వారి కొత్త పుస్తకాలపై ముఖాముఖి నడపాలి, ఎలా సిద్ధం కావాలి, ఏమి అడగాలి అని రాశారు. పుస్తక ప్రదర్శనల్లోనూ గ్రంథాలయాల్లోనూ నేను కొన్నేళ్లుగా చేస్తున్న పని ఇదే కాబట్టి నాకు అనుభవంలో తేలినది చెబుతాను.

సాధారణంగా నవల రాసినవారిని కథ ఎలా తట్టిందని అడుగుతారు. చరిత్ర రాసినవారిని ఆధారాలు ఎక్కడ దొరికాయని అడుగుతారు. ఈ రెంటికీ వారి దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. ముందుమాటలో రాసినవే, పత్రికలకు చెప్పినవే మళ్లీ చెబుతారు. మీరు ప్రశ్నలను తారుమారు చేయండి. నవలా రచయితను ఆధారాల గురించి, చరిత్ర రచయితను కథనం గురించి అడగండి. ఇద్దరూ కాసేపు ఆలోచించి మాట్లాడతారు. శ్రోతలకు కావలసినది ఆ ఆలోచనే.

ఉదాహరణకు ఆ నవల 1908 మూసీ వరదల నాటి హైదరాబాదులో నడుస్తుందనుకుందాం. సెప్టెంబర్ 28న నది ఊరిని ముంచెత్తిన సంగతి చాలామందికి తెలుసు. ఆ నగరంలో ఒక మనిషిని నడిపించాలంటే మాత్రం చిన్న చిన్న సంగతులు ఎన్నో తెలియాలి. ఆ మనిషి రైలు దిగితే ఎక్కడ దిగాడు? నాంపల్లి స్టేషన్ అప్పటికి ఏడాది క్రితమే వచ్చింది, కాచిగూడ స్టేషన్ 1916 దాకా లేదు. జేబులో ఉన్నది నిజాం రాజ్యపు రూపాయి హాలీ సిక్కానా, బ్రిటిష్ రూపాయా? చేతికి వచ్చిన సర్కారు కాగితం మీద క్రీస్తు శకం కాక, నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరం ఉంటుంది కదా, దాన్ని పాఠకుడికి ఎలా అందించారు? ఇక గండిపేట నీళ్ల గొప్పతనం ఆ నవలలో ఎవరూ చెప్పుకోలేరు. ఆ వరద తర్వాత, మళ్లీ అలాంటి ముప్పు రాకూడదని కట్టినదే ఉస్మాన్‌సాగర్, అంటే ఆ గండిపేట చెరువు, అది 1920కి గాని పూర్తి కాలేదు.

ఇలాంటివి తప్పులు పట్టడానికి అడగకూడదు. పదిమంది ముందు రచయితను నిలదీస్తే ఆ తర్వాత ఆయన నోరు విప్పరు. నిజం కథకు అడ్డం పడినప్పుడు ఏం చేశారన్నది అసలు ప్రశ్న. ఒక నవలా రచయిత్రి నాతో మాట్లాడుతూ, తాను ఎంతో ఇష్టపడి రాసుకున్న స్టేషన్ సన్నివేశం ఆ ఏటికి చెల్లదని తేలడంతో కొట్టేశానని, పాత్రను ఎడ్లబండి మీద తీసుకువచ్చానని చెప్పారు. ప్రయాణం నెమ్మదించేసరికి ఆ అమ్మాయి దారి పొడవునా ఆలోచించుకోవలసి వచ్చిందట, నవలలో ఆమె స్వభావం అక్కడే రూపు కట్టిందట. ‘ఇతివృత్తం ఎలా తట్టింది’ అని అడిగి ఉంటే ఈ మాట నాకు దక్కేది కాదు.

చరిత్ర పుస్తకం దగ్గరికి వస్తే నేను పాటించే చిన్న పద్ధతి ఒకటుంది. పెన్సిల్ పట్టుకుని చదువుతూ ‘బహుశా’, ‘అయి ఉండవచ్చు’ అన్న మాటలు కనబడిన ప్రతిచోటా గీత గీస్తాను. దస్త్రం ఆగిపోయి రచయిత ఊహ మొదలైన చోట్లు అవే. ఊహించడంలో దోషం లేదు, ఊహ లేకుండా చరిత్ర రాయడం కుదరదు. ఏ ఆనవాలు పట్టుకుని ఊహించారో సభలో చెప్పించాలి.

రాయలసీమలో ధాతు కరువు సంగతే తీసుకోండి. 1876లో, ధాతు నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి జనం దాన్ని ఆ పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. సర్కారు లెక్కల్లో ధరలున్నాయి, కరువు పనుల్లో చేరిన మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా చొప్పున కూలి తగ్గించిన వివరం ఉంది. ఆ కూలితో ఇల్లు గడపవలసి వచ్చిన ఆడమనిషి మాట ఆ కాగితాల్లో ఎక్కడుంది? చరిత్ర రచయితను అడగవలసినది ఇది. అధ్యాయాన్ని కలెక్టరు ఉత్తరంతో ఎందుకు మొదలుపెట్టారు, ఊళ్లో పాడుకునే పాటతో ఎందుకు మొదలుపెట్టలేదు? పుస్తకాన్ని ఏ ఏడాది దగ్గర ఆపారు, అక్కడే ఎందుకు ఆపారు? ఇవి కథనానికి సంబంధించిన ప్రశ్నలే, కానీ చరిత్ర దృష్టి అంతా వీటిలోనే బయటపడుతుంది.

గ్రామ కైఫీయతులను, అంటే ఊళ్ల చరిత్రను స్థానికుల నుంచి సేకరించి రాసిన వృత్తాంతాలను వాడుకున్న పుస్తకమైతే ఇంకొక ప్రశ్న తప్పకుండా వేయండి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం ఆయన సహాయకులు కావలి సోదరులు, వారి తోటివారు సేకరించిన కైఫీయతుల్లో చాలావాటి వెనక ఊరి కరణాల కవిలెలు (పాత లెక్కల పుస్తకాలు), కరణాల మాట ఉంటాయి. ఆ ఊళ్లో కరణానికి కనబడనివారు, కనబడినా రాయదగినవారని అనిపించనివారు ఎవరు? హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్‌లో) ఫార్సీ, ఉర్దూ పత్రాలు చూసి రాసినవారైతే, స్వయంగా చదివారా, ఎవరితోనైనా చదివించుకున్నారా అని మర్యాదగా అడగండి. చదివి పెట్టిన పెద్దమనిషిని సభలో తలచుకునే అవకాశం రచయితకు ఇచ్చినవారవుతారు.

సాహిత్యాన్నీ చరిత్రనూ ఇలా కలిపి చూడటం మనకు కొత్త కాదు. సురవరం ప్రతాపరెడ్డి కావ్యాల్లో, శతకాల్లో జనం తిండీ బట్టా ఆటపాటలూ వెతికి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తెచ్చారు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానికే వచ్చింది.

సిద్ధం కావడం అంటే మొదట పుస్తకం చివరిదాకా చదవడం. అట్ట మీది మాటలు, ముందుమాట చదివి వేదికెక్కినవారిని రచయిత క్షణంలో పసిగట్టేస్తారు. ముందు ఒకసారి ఫోన్‌లో మాట్లాడండి, కానీ ప్రశ్నలన్నీ చెప్పేయకండి. నవలలో ఏ మలుపు బయటపెట్టకూడదో మాత్రం అడిగి తెలుసుకోండి. సభలో ఒక పుట రచయితను ఎంచుకోమనండి, ఒకటి మీరు ఎంచండి, రెండూ ఆయనే చదవాలి. చరిత్ర పుస్తకమైతే ఒక మూల పత్రం నుంచి నాలుగు వాక్యాలు చదివించండి. ఆ పాత తెలుగు చెవిన పడగానే శ్రోతలు ముందుకు వంగి వింటారు.

వీలైతే ఇద్దరి పుస్తకాలూ ఒకరివి మరొకరికి ముందే పంపండి. చివరి పావుగంట మీరు తగ్గి, వారిద్దరినీ ఒకరినొకరు ప్రశ్నించుకోమనండి. నేను నడిపిన వాటిలో బాగా గుర్తుండిపోయిన మాటలన్నీ అలా వచ్చినవే.

నిర్వాహకులతో ఒక విషయం ముందే ఖరారు చేసుకోండి. మన సభల్లో అధ్యక్షుల తొలిపలుకులు, ముఖ్య అతిథి ప్రసంగం, ఆత్మీయ అతిథుల ప్రసంగాలు, శాలువాలు అన్నీ అయ్యాక చివర్లో ‘రచయిత స్పందన’ ఉంటుంది. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ. ఏళ్ల తరబడి కష్టపడి పుస్తకం రాసిన మనిషికి అయిదు నిమిషాలు మిగల్చడం అన్యాయం, ఈ మాట నేను ఎక్కడైనా గట్టిగానే చెబుతాను. సంభాషణ ముందు పెట్టించండి, సన్మానం తర్వాత.

శ్రోతల ప్రశ్నలకు ఇరవై నిమిషాలైనా ఉంచండి. ఉపన్యాసం మొదలుపెట్టేవారిని ‘మీ ప్రశ్న ఏమిటండీ’ అని నవ్వుతూ ఆపవచ్చు. పుస్తకం 1948 నాటి హైదరాబాదు సంగతుల గురించైతే మాత్రం తొందరపెట్టకండి. పెద్దవారెవరైనా లేచి ‘రజాకార్ల కాలంలో మా ఇంట్లో’ అని మొదలుపెట్టవచ్చు. వారికి తేదీలు గుర్తుండవు. ఆ ఏడు భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చిన పోలీసు చర్యకు ముందా, తర్వాతా అని ఒక్కటే అడిగితే చాలు. బాధాకరమైన విషయమైతే మైకులో లాగవద్దు, సభ అయ్యాక రచయితను వారి పక్కన కూర్చోబెట్టండి. రికార్డు చేస్తున్నట్టయితే రచయితలకూ శ్రోతలకూ ముందే చెప్పి అనుమతి తీసుకోండి, చర్చకు వచ్చిన పుటల సంఖ్యలు, పుస్తకం ఎన్నో ముద్రణో ఆ రికార్డుతో పాటే రాసి గ్రంథాలయంలో ఉంచండి.