అమెరికా వెళ్ళిన తొలితరం తెలుగు డాక్టర్లకు ఇంటి ధ్యాస ఉండేదా?

"వాళ్ళు డాలర్లు కూడబెట్టారు గాని, భార్యాబిడ్డల్ని పట్టించుకున్నారా?" అని అడిగారు. అందరి సంగతీ నేను చెప్పనక్కర్లేదు, మా నాన్నగారి సంగతి చాలు. పట్టించుకున్నారు. ఆ తరంలో చాలామంది అలాంటివాళ్ళే అని నా గట్టి నమ్మకం.

నాన్నగారు గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1970ల మొదట్లో వెళ్ళారు. 1965లో అక్కడి వలస చట్టం మారి దేశాలవారీ కోటాలు పోయాయి. అదే ఏడాది మెడికేర్ (వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) వచ్చి డాక్టర్ల అవసరం పెరిగింది. మన దగ్గరేమో విదేశీ మారకద్రవ్యం మీద ఆంక్షలు. జేబులో 8 డాలర్లతో విమానం దిగారు. ఇక్కడి హౌస్ సర్జన్సీ అక్కడ చెల్లదు కాబట్టి మళ్ళీ ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ స్పెషాలిటీ శిక్షణ. రాత్రీ పగలూ తెలియని ఆ డ్యూటీల గురించి ఏమీ తెలియకుండా "డబ్బు కోసం పోయారు" అని తేల్చేసే వాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది.

చదువయ్యాక ఆయన స్థిరపడింది పెద్ద నగరంలో కాదు, వెస్ట్ వర్జీనియాలో ఒక బొగ్గు గనుల ఊళ్ళో. అక్కడి డాక్టర్లే రావడానికి ఇష్టపడని చోటు. మా ఇంట్లో ఒకటే నియమం: రాత్రి భోజనం అందరం కలిసి చేయాలి. అవసరమైతే ఆయన ఆ తర్వాత మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళేవారు.

ఒక చలికాలం సాయంత్రం భోజనాల వేళకి ఒక ముసలి కార్మికుడు తలుపు కొట్టాడు. చేతిలో ఎక్స్‌రే కవరు, ఒక ఉత్తరం. బ్లాక్ లంగ్ (బొగ్గు దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) వచ్చి పనిచేయలేని గని కార్మికులకు నెలనెలా డబ్బు ఇవ్వాలని 1969 చట్టం. కానీ 1981లో నిబంధనలు బిగించాక రుజువు చేసుకోవడం కష్టమైంది. కంపెనీ తరఫు డాక్టరు ఇతని ఆయాసానికి సిగరెట్లే కారణమని రాశాడట, దరఖాస్తు తిరగ్గొట్టారు. అమ్మ ముందు అతనికి అన్నం, పప్పు వడ్డించింది. ముద్దముద్దకీ ఆగి ఊపిరి తీసుకుంటూ తిన్నాడు. తర్వాత నాన్నగారు ఆ ఎక్స్‌రేని వంటింటి ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుని నన్నూ తమ్ముణ్ణీ పిలిచారు. "ఈ తెల్లటి చుక్కలు చూడండి. బొగ్గు దుమ్ము లోపలికెళ్ళి చేసిన పని ఇది" అన్నారు.

బల్లకి ఒక పక్క తమ్ముడి లెక్కల హోంవర్కు, ఇంకో పక్క ఆ తిరగ్గొట్టిన దరఖాస్తు మీద అప్పీలు. నేను బళ్ళో టైపు నేర్చుకున్నాను కాబట్టి ఆయన చెబుతుంటే నేను కొట్టాను. ఊపిరి పరీక్షలో గొట్టంలోకి బలంగా ఊదితే మొదటి సెకనులో ఎంత గాలి వచ్చిందో ఆ అంకె చాలా ముఖ్యం. కాగితం అంతా అయ్యాక ఆయన ప్రతి అంకెనీ రిపోర్టుతో పోల్చి చూసి, ఒక అంకె మసకగా పడిందని పేజీ మొత్తం మళ్ళీ కొట్టించారు. "అమ్మలూ, ఇది మసకగా ఉంటే ఆయన ఇంట్లో పొయ్యి వెలగదు" అన్నారు. మధ్యలో తమ్ముడి భిన్నాలు కూడా సరిచేశారు.

చాలా నెలలకి అతనికి డబ్బు మంజూరైంది. ఆ తర్వాతి చలికాలం నుంచి మంచు కురిసినప్పుడల్లా మేం లేచేసరికి మా కారు దారి శుభ్రంగా ఉండేది. కొడుకుల్ని పంపేవాడు.

కుటుంబానికి సమయం ఇవ్వడమంటే సెలవులకి బీచ్‌కి తీసుకెళ్ళడమే అనుకుంటారు ఈ రోజుల్లో. మమ్మల్ని ఆయన తన పనిలోనే పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆదివారాలు నాయనమ్మకి నీలం ఏరోగ్రామ్ రాసేవారు, ఆవిడ చూపు ఆనదని పెద్ద పెద్ద అక్షరాలతో. చివర్లో కాస్త చోటు వదిలి మా ఇద్దరిచేతా తెలుగులో రాయించేవారు. నేను ఈ జవాబు రాయగలుగుతున్నానంటే ఆ ఆదివారాల పుణ్యమే.

ఆయన పోయాక జరిగిన సంతాప సభలో వక్తలందరూ డిగ్రీలు, పదవులు, ఇచ్చిన విరాళాలు ఏకరువు పెట్టారు. గని కార్మికుల కుటుంబాలు వెనక వరుసల నిండా కూర్చున్నాయి. వాళ్ళలో ఒక్కరినీ మైకు దగ్గరికి పిలవలేదు. దానికి నాకు ఇప్పటికీ కోపమే.