ఏడో జనరేషన్ కంప్యూటర్ కోసం ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: ఇంట్లోనే డిజైనింగ్, స్టిక్కర్ కటింగ్ పని చేస్తుంటాను. నా డెస్క్‌టాప్‌లో ఇంటెల్ కోర్ ఐ5 7400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 64 బిట్ విండోస్ 10 ఉన్నాయి. 2018లో మంచి డిస్కౌంట్ వస్తే కొన్నాను. ఇప్పటికీ బాగానే నడుస్తోంది. కానీ విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయిందని, దీనికి విండోస్ 11 రాదని అంటున్నారు. షాపులో ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్ చూపించి, వడ్డీ లేని వాయిదాల్లో ఇస్తామన్నారు. రిపేర్ చేసే అబ్బాయి కొంచెం డబ్బిస్తే పాతదాంట్లోనే విండోస్ 11 ఎక్కించేస్తానంటున్నాడు. మా బావగారు సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఐ7 చూశారు. అత్యవసర నిధిగా ఉంచుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ బ్రేక్ చేసి ఏదో ఒకటి కొనేద్దామా అనిపిస్తోంది. స్కానర్, స్టిక్కర్లు కోసే కటింగ్ ప్లాటర్ రెండూ పాతవే. ర్యామ్ పెంచితే సరిపోతుందా? ఏం చేయమంటారు?

జవాబు: ముందు డిపాజిట్ సంగతి. దాని జోలికి వెళ్లకండి. నడుస్తున్న కంప్యూటర్‌కి గడువు తీరడం అత్యవసరం కాదు. పదేళ్ల ముందే తెలిసిన తేదీ అది. విండోస్ 10 వచ్చింది 2015 జులైలో, సపోర్ట్, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, ఆగింది 2025 అక్టోబర్ 14న. ఇంత ముందుగా తెలిసిన ఖర్చుకి నెలనెలా కొంత పక్కన పెట్టుకోవాలి. మీరు పెట్టలేదు, నిజమే. మనలో చాలామంది పెట్టరు. దానికి ఇప్పుడు కంగారుపడి ఎఫ్‌డీ మీద పడితే, రేపు ఒంట్లో బాగోలేక పది రోజులు పని ఆగినప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

ఇక మీ కంప్యూటర్ విషయం. మీ ఐ5 7400లో ఐ5 తర్వాత వచ్చే నంబరులో మొదటి అంకె 7. అంటే ఇంటెల్ ఏడో జనరేషన్. ఈ తరం కథ కొంచెం చిత్రమైనది. కొత్త ప్రాసెసర్లను కొత్త విండోస్‌లో మాత్రమే సపోర్ట్ చేస్తామని 2016 జనవరిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఏడో జనరేషన్ చిప్‌కి విండోస్ 10 ఉండాల్సిందేనని అప్పుడే తేల్చింది. 2017లో అలాంటి చిప్ మీద విండోస్ 7 వేసుకున్నవాళ్లకి అప్‌డేట్లు కూడా ఆపేసింది. తర్వాత 2021లో విండోస్ 11 తెచ్చినప్పుడు గీత ఇంకోవైపు గీసింది: ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి, ఇంకో చిప్ కంపెనీ ఏఎండీ అయితే చాలావరకు రైజెన్ 2000 సిరీస్ నుంచి. ఏడో జనరేషన్‌లో వేళ్ల మీద లెక్కపెట్టే మోడళ్లకే మినహాయింపు. మీది అందులో లేదు. అంటే పాత విండోస్‌కి మీ చిప్ మరీ కొత్తది, కొత్త విండోస్‌కి మరీ పాతది. దాని బతుకంతా ఒక్క విండోస్ 10తోనే.

అందుకే ర్యామ్ పెంచినా లాభం లేదు. విండోస్ 11 అడిగే ర్యామ్ 4 జీబీయే, మీకు దానికి రెట్టింపు ఉంది. అడ్డం పడుతున్నది ప్రాసెసర్. ర్యామ్ మీద పెట్టిన డబ్బు కొత్త మెషీన్‌లోకి రాకపోవచ్చు కూడా, ఎందుకంటే ర్యామ్ రకాలు మారిపోతుంటాయి. కంప్యూటర్ నెమ్మదిగా ఉంటే హార్డ్‌డిస్క్ బదులు వాడే వేగమైన డ్రైవ్, ఒక ఎస్‌ఎస్‌డీ కొనుక్కోవచ్చు. రేపు దాన్ని తీసి బయటి డ్రైవ్‌గానైనా వాడుకుంటారు.

2018లో మీకు దొరికిన డిస్కౌంట్ గురించి ఒక మాట చెప్పాలి, బాధపడొద్దు. ఐ5 7400 మార్కెట్లోకి వచ్చింది 2017 జనవరిలో. ఎనిమిదో జనరేషన్ ఐ5 8400 అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చేసింది. తేడా తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలల అవతలి చిప్‌కి విండోస్ 11 వస్తుంది, ఇవతలి దానికి రాదు. మీరు కొన్నప్పటికి కొత్త తరం షాపుల్లో ఉంది కాబట్టే పాత స్టాక్ తగ్గించి అమ్మారు. ఈ గీత ఇక్కడ పడుతుందని ఆ రోజు ఎవరికీ తెలియదు, అది మీ తప్పు కాదు. కానీ కొత్త తరం వచ్చాక పాత తరాన్ని కొంటే సపోర్ట్ ఉండే కాలంలో కొంత ముందే కరిగిపోయి ఉంటుంది. తగ్గించిన ధర ఆ పోయిన కాలానికి వెల.

నేను కంప్యూటర్ ధరను ఎప్పుడూ మిగిలిన ఏళ్లతో భాగించి చూస్తాను. ఒక మెషీన్ ధర వంద అనుకోండి, దానికి సపోర్ట్ ఇంకా రెండేళ్లే ఉంది. ఏడాదికి యాభై పడింది. ఇంకోటి నూట అరవై, కానీ ఎనిమిదేళ్లు వస్తుంది. ఏడాదికి ఇరవై. చవగ్గా వచ్చిందని మొదటిదాన్ని కొన్నవారు రెండున్నర రెట్లు ఎక్కువ కట్టినట్టు.

ఇదే లెక్కతో మీ బావగారు చూసిన ఐ7 సంగతి చూడండి. ఐ7 అన్న పేరు వినగానే పెద్దదనుకుంటాం. 2013లో వచ్చిన ఐ7 4770 ఆ రోజుల్లో ఖరీదైన చిప్, దానికి విండోస్ 11 అర్హత లేదు. సాదాసీదా ఐ3 8100కి ఉంది. ఐ పక్కనున్న అంకె హోదా చెబుతుంది, ఆ తర్వాత విడిగా ఉండే నంబరు తరం చెబుతుంది. అక్కడ నాలుగంకెల నంబరు ఉంటే మామూలుగా మొదటి అంకె, ఐదంకెలుంటే మొదటి రెండు అంకెలు. ఆయన్ని పూర్తి నంబరు అడగండి. ఎనిమిదో జనరేషనే అయినా నేను కొననివ్వను. గేటు దగ్గర ఆఖరున నిలబడ్డవాడికి ఎంత భరోసా ఉంటుందో దానికీ అంతే. ఈసారి గీత జరిగితే మొదట పోయేది అదే.

రిపేర్ అబ్బాయి మాట కూడా అబద్ధం కాదు. అర్హత తనిఖీని తప్పించి విండోస్ 11 ఎక్కించవచ్చు, నడుస్తుంది కూడా. కానీ అర్హత లేని మెషీన్‌కి అప్‌డేట్లు అందుతాయన్న హామీ ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగానే చెప్పింది. పైగా విండోస్ 11 హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ 24 నెలలే. అర్హత ఉన్న మెషీన్ తర్వాతి వెర్షన్‌కి దానంతట అదే మారుతుంది. మీదానికి మళ్లీ అబ్బాయిని పిలవాలి, మళ్లీ డబ్బివ్వాలి, మధ్యలో ఫైళ్లు పోతే మీ పని రోజులు పోతాయి. అతను ఒక్కసారి ఖర్చంటున్నది నిజానికి చందా.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మీరు ప్రశ్న చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన స్కానర్, ప్లాటర్. నా దృష్టిలో నిర్ణయం తేలేది అక్కడే.

విండోస్‌కీ ఆ పరికరానికీ మధ్య దుబాసీ లాంటిది డ్రైవర్. ప్రోగ్రామ్ అయితే కాస్త పాతదైనా ఎలాగో సర్దుకుంటుంది, డ్రైవర్ అలా కాదు. 32 బిట్ విండోస్‌కి రాసిన డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పనిచేయదు. షాపువాళ్లు చూపించిన ఆర్మ్ ల్యాప్‌టాప్‌తో ఇంకో చిక్కుంది. ఆర్మ్ అంటే ఇంటెల్, ఏఎండీ చిప్‌ల కంటే వేరే తరహా ప్రాసెసర్. ఇంటెల్, ఏఎండీ చిప్‌ల కోసం రాసిన మామూలు ప్రోగ్రాములను ఆర్మ్ మీద నడిపే అనువాద ఏర్పాటు విండోస్ 11లో ఉంది. అందుకే షాపులో మీ డిజైనింగ్ ప్రోగ్రామ్ తెరిచి చూపిస్తారు, చక్కగా తెరుచుకుంటుంది. కానీ ఆ అనువాదం డ్రైవర్లకు వర్తించదు. డ్రైవర్‌ని ఆర్మ్ కోసమే విడిగా రాసి ఉండాలి. పాత కటింగ్ ప్లాటర్‌కి తయారీ కంపెనీ ఇప్పుడు కూర్చుని అది రాస్తుందా? నేనైతే ఆశ పెట్టుకోను. ఆ ల్యాప్‌టాప్ తేలికైనది, బ్యాటరీ బాగా వస్తుంది, ఉత్తరాలూ మీటింగులూ చూసుకునేవాళ్లకి భేషైనది. మీరు కొంటే మాత్రం ల్యాప్‌టాప్‌తో పాటు ప్లాటర్, స్కానర్ కూడా కొనాల్సి రావచ్చు. షాపువాళ్లు ఇచ్చిన వాయిదాల కాగితం మీద ఆ రెండూ ఉండవు.

అన్నట్టు, ఈ తప్పు నేనూ చేశాను. ఒకసారి కొత్త కంప్యూటర్ కొన్న ఉత్సాహంలో పాత స్కానర్‌కి డ్రైవర్ ఉందో లేదో చూడలేదు. కంపెనీ ఆ మోడల్‌ని ఎప్పుడో వదిలేసింది. ఊళ్లోవాళ్లందరికీ పొదుపు పాఠాలు చెప్పే నా ఇంట్లో, పాడవని స్కానర్ ఆర్నెల్లు కాగితాల మీద బరువుగా కూర్చుంది.

డ్రైవర్ లేకపోతే పెద్ద కంపెనీలు కూడా చేతులెత్తేస్తాయి. ఇంటెల్ క్లోవర్ ట్రైల్ ఆటమ్ చిప్‌లున్న చిన్న కంప్యూటర్లకు 2017లో అదే అయింది. గ్రాఫిక్స్‌కి కొత్త డ్రైవర్ లేక విండోస్ 10 తాజా వెర్షన్ ఎక్కలేదు. చివరికి పాత వెర్షన్ మీదే 2023 జనవరి వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ఒప్పుకోవాల్సి వచ్చింది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ఈ వారం విండోస్ అప్‌డేట్ పేజీ తెరిచి, విండోస్ 10 పొడిగింపు సెక్యూరిటీ అప్‌డేట్లలో చేరండి. ఇవి 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. మీ విండోస్ 22హెచ్2 వెర్షన్‌లో ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కావాలి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. కొత్త సదుపాయాలేమీ రావు, భద్రతా ప్యాచ్‌లు మాత్రం వస్తాయి. ఇది పరిష్కారం కాదు, డబ్బు పోగేసుకోవడానికి దొరికిన వ్యవధి.

ఈ వ్యవధిలో కంప్యూటర్ పేరుతో ఒక రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. వాయిదాల్లో కొంటే నెలకు ఎంత కట్టేవారో అంతే అందులో వేయండి. వడ్డీ లేని వాయిదా అన్నారు కదా, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడిగి రెండూ కలపండి. వడ్డీ అక్కడ దాక్కుని ఉంటుంది. కొన్న తర్వాత కూడా ఆ డిపాజిట్ ఆపకండి, నెలనెలా వేసే మొత్తాన్ని మాత్రం తగ్గించండి. ఆరేళ్లకోసారి మెషీన్ మారుస్తారనుకుంటే 72 నెలలు. ధర వంద అయితే నెలకు ఒకటిన్నర కూడా పక్కన పెట్టక్కర్లేదు.

కొనే రోజు వచ్చాక ప్లాటర్, స్కానర్‌ల వెనక ఉన్న మోడల్ నంబర్లు రాసుకుని, తయారీ కంపెనీ సపోర్ట్ పేజీలో విండోస్ 11 డ్రైవర్ ఉందో లేదో చూడండి. 64 బిట్ విండోస్ 10 డ్రైవర్ ఒక్కటే కనబడితే నిరాశపడొద్దు. చాలావరకు అదే విండోస్ 11లోనూ పనిచేస్తుంది, ఇంటెల్ లేదా ఏఎండీ మెషీన్ అయితేనే సుమా. ఇంకో మెలిక: కొత్త మెషీన్లలో మెమొరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ మామూలుగా ఆన్ అయ్యే ఉంటుంది, కొన్ని పాత డ్రైవర్లను అది రానివ్వదు. దాన్ని ఆఫ్ చేసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. బ్యాంకు లాగిన్లు చేసే కంప్యూటర్‌లో ఆ పని వద్దు. వీలైతే ప్లాటర్‌ని షాపుకే తీసుకెళ్లి తగిలించి చూడండి. కుదరకపోతే వాపసు గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకోండి.

డ్రైవర్ ఎక్కడా దొరక్కపోయినా ప్లాటర్‌ని పారేయొద్దు. కొత్త కంప్యూటర్ వచ్చాక పాతదాన్ని అమ్మితే పెద్దగా రాదు. దాని ఇంటర్నెట్ కేబుల్ పీకేసి, ప్లాటర్ నడపడానికే ఉంచండి. డిజైన్ కొత్తదాంట్లో చేసి, ఫైలు పెన్‌డ్రైవ్‌లో పాతదాంట్లోకి తెచ్చుకోండి. నెట్‌కి దూరంగా ఉన్న మెషీన్‌కి ప్యాచ్‌ల బెంగ చాలా తక్కువ. ఆ పెన్‌డ్రైవ్‌ని మాత్రం కనబడ్డ ప్రతి కంప్యూటర్‌కీ తగిలించొద్దు. ఇలా చేస్తే కొత్త ప్లాటర్ ఖర్చు చాలాకాలం తప్పుతుంది.

ఇది చదువుతున్న మిగతావాళ్లలో ఎనిమిదో జనరేషన్ లేదా ఆపై చిప్ ఉండి కూడా విండోస్ 11 రాదన్న మెసేజ్ చూసినవాళ్లుంటే, షాపుకి వెళ్లేముందు బయోస్‌లో, అంటే విండోస్ మొదలవకముందు తెరుచుకునే సెట్టింగుల్లో చూడండి. టీపీఎం అనే భద్రతా సదుపాయం ఆఫ్‌లో ఉండటమే చాలాసార్లు కారణం. ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. ఆన్ చేయడానికి పైసా ఖర్చు లేదు.

మీకు మాత్రం ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. ప్లాటర్‌తో వచ్చిన డ్రైవర్ సీడీ ఎక్కడుందో వెతికి, పాత డెస్క్‌టాప్‌లో సీడీ డ్రైవ్ పనిచేస్తుండగానే ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. రేపు మీరు కొనే మెషీన్‌కి సీడీ పెట్టే చోటే ఉండకపోవచ్చు.