కొలంబియా కాఫీ లోయలకు యెల్లో ఫీవర్ కార్డు ఎందుకు?

వీసా, కొలంబియా కాఫీ ప్రాంతంలోని సాలెంటో పట్టణంలో బస కుదిరాక మీ ట్రావెల్ ఏజెంటు యెల్లో ఫీవర్ కార్డు (ఆ జ్వరానికి టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పత్రం) అడగడానికి కారణం బహుశా మన దేశపు నిబంధనే. కొలంబియా నుంచి తిరిగి వచ్చేవారి వద్ద అది లేకపోతే, ఇక్కడ దిగాక ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు.

1. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో టీకా వేయించుకోండి. గుర్తింపు లేని ఆసుపత్రి ఇచ్చిన పత్రం చెల్లదు. గుడ్డు పడనివారు ముందే వైద్యునికి చెప్పాలి.

2. చాలామంది మరచిపోయేది ఇదే: కార్డు టీకా వేసిన 10 రోజుల తరువాతనే చెల్లుబాటవుతుంది. తిరుగు ప్రయాణానికి గడువు సరిపోతుందిలే అని కొందరు చివరి రోజుల్లో వెళ్తారు గానీ, శరీరానికి రక్షణ ఏర్పడటానికీ దాదాపు అంతే సమయం పడుతుంది కనుక, బయలుదేరే తేదీ నుంచే వెనక్కి లెక్కించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే కార్డు జీవితాంతం పనికివస్తుంది.

3. సాలెంటో కూడలి నుంచి కొకోరా లోయకు జీపులు వెళ్తాయి. 60 మీటర్ల వరకు పెరిగే మైనపు తాటిచెట్లను ఉదయమే చూడండి. సందడి వద్దనుకుంటే బస దగ్గర్లోని ఫిలాండియా అనే ఊరికి మార్చుకోండి, నా దృష్టిలో అదే మేలు.