సీజన్‌కి పధ్నాలుగు వారాల ముందు

చిట్టితల్లికి,

నీ ఉత్తరం అందింది. క్లైంబింగ్ సీజన్‌కి ఇంకా 14 వారాలుందని, వేళ్ల బలం కోసం పట్టుకుని వేలాడే హ్యాంగ్‌బోర్డు రేపటి నుంచే మొదలుపెడతానని రాశావు. నీ పట్టుదల చూస్తే సంతోషంగా ఉంది. బోర్డు మాత్రం రేపు వద్దు.

కండరం కొన్ని వారాల్లోనే బలపడుతుంది. వేళ్లలోని టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు), వాటిని ఎముకకి అంటిపెట్టుకునేలా పట్టి ఉంచే పుల్లీలు గట్టిపడాలంటే నెలలు పడుతుంది. ఈ తేడా తెలియకే నేను నష్టపోయాను. ఎక్కడం మొదలుపెట్టిన రెండో ఏడు, చేతుల్లో బలం వచ్చింది కదా అని ఒక సన్నటి అంచు మీద వేళ్లు పూర్తిగా మడిచి, పైన బొటనవేలితో బిగించి పట్టాను. కాలు జారింది. ఒంటి బరువంతా వేళ్ల మీద పడి, ఉంగరపు వేలి మొదట్లో ఎండుపుల్ల విరిగినట్టు టప్‌మంది. ఆ సీజనంతా కింద నిలబడి మిగతావాళ్లకి బిలే చేశాను, అంటే వాళ్లు పడకుండా తాడు పట్టుకున్నాను.

అందుకే మొదటి 5 వారాలూ తేలిక రూట్లే, అంటే సులువుగా ఎక్కగలిగే దారులే. గోడ దిగకుండా 20 నుంచి 30 నిమిషాలు ఎక్కుతూనే ఉండు. ముంజేతులు వెచ్చబడాలి కానీ రాయిలా బిగుసుకోకూడదు. అలా బిగుసుకుంటే ఇంకా తేలిక రూట్‌కి మారిపో. ఈ రోజుల్లోనే పాదాల పని నేర్చుకోవాలి. షూ కొన పట్టు మీద ఆనేదాకా కన్ను తిప్పకు, చప్పుడు కాకుండా పెట్టు. చప్పుడైతే కాలు తీసి మళ్లీ పెట్టు. విసుగ్గా ఉంటుంది, నాకు తెలుసు. అయినా కాళ్లు మోసినంత బరువు వేళ్లకి తప్పుతుంది.

తర్వాతి 4 వారాలు బోర్డు. రెండేళ్లుగా ఎక్కుతున్నావు కాబట్టి సరే అంటున్నాను, మొదటి ఏడాదిలో ఉంటే వద్దనేవాణ్ణి. 20 మిల్లీమీటర్ల అంచు చాలు. వేళ్లు సగం మడిచి, బొటనవేలు పైన వేయకుండా పట్టుకో. 10 సెకన్లు వేలాడి 3 నిమిషాలు ఆగు. అలా 5 సార్లు, వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం 48 గంటల విరామం. బాగా వార్మప్ అయ్యాకే, అలసిపోకముందే చెయ్యి. బరువు ఎక్కువనిపిస్తే పాదాలు కుర్చీ మీద ఆనించు, అందులో నామోషీ ఏమీ లేదు.

కాళ్లు వాడకుండా చేతులతోనే ఎక్కే క్యాంపస్ బోర్డు గురించి కూడా అడిగావు. దాన్ని 1988లో జర్మనీలోని నురెంబర్గ్‌లో వోల్ఫ్‌గాంగ్ గుల్లిచ్ అనే క్లైంబర్ తయారుచేసుకున్నాడు. 1991లో అతను ఎక్కిన ‘యాక్షన్ డైరెక్ట్’ని ప్రపంచంలో మొదటి 9ఎ (ఎంత కష్టమో చెప్పే గ్రేడు) రూట్‌గా చెప్పుకుంటారు. అయితే ఆ బోర్డు కట్టేనాటికే అతను ప్రపంచంలోని మేటి క్లైంబర్లలో ఒకడు. ఈ ఏడాదికి నువ్వు దాని జోలికి వెళ్లకు.

ఆపై 4 వారాలు దమ్ము పెంచుకోవడానికి. నీ స్థాయికి కాస్త తక్కువవి నాలుగు బౌల్డర్ ప్రాబ్లమ్‌లు (తాడు లేకుండా ఎక్కే పొట్టి రూట్లు) ఎంచుకుని ఆగకుండా ఎక్కి, 4 నిమిషాలు కూర్చో. అలా నాలుగు విడతలు. చివరి వారం పని సగానికి తగ్గించు, సీజన్‌కి రెండు రోజుల ముందు గోడ ముట్టుకోకు. మధ్యలో కూడా ప్రతి నాలుగో వారం ఇలాగే తగ్గించాలి. పుష్‌అప్‌లు వారానికి రెండుసార్లు తప్పనిసరి. ఎప్పుడూ లాగే పనే చేస్తే భుజాలు ముందుకి వంగిపోతాయి.

బరువు తగ్గితే తేలిగ్గా ఎక్కొచ్చని రాత్రి భోజనం మానేశానని రాశావే, అది చదివి మనసు ఆగలేదమ్మా. తిండి చాలకపోతే కండరం కోలుకోదు, నెలసరి తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. ఈ రాత్రి నుంచే కడుపునిండా తిను.

పొద్దున లేవగానే ఒక్కో వేలి మొదలూ అరచేతి వైపు నుంచి నొక్కి చూసుకో. నొప్పి ఉంటే ఆ రోజు ఎక్కకు. రెండు వారాలకీ తగ్గకపోతే డాక్టరుకి చూపించు. రోజూ ఏం చేశావో నోటుపుస్తకంలో రాసి, మొదటి 5 వారాలవీ అయ్యాక నాకు పంపు. అవి చూసి బోర్డు మీద ఎంత బరువుతో మొదలుపెట్టాలో చెబుతాను.

ఆశీస్సులతో,
బాబాయి