పక్‌ను ‘బంతి’ అనవచ్చా?

సందేహం: మేం టొరంటోలో ఉంటాం. ఇక్కడి మన పిల్లల ఆట గురించి మా తెలుగు సంఘం పత్రికకు రాస్తూ ‘మంచు హాకీలో మనవాడు బంతిని వరుసగా మూడుసార్లు గోల్‌లోకి కొట్టి హ్యాట్రిక్ సాధించాడు’ అన్నాను. ఈ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయని ఒక మిత్రుడు అన్నారు. నిజమేనా?

సమాధానం: ఒకటి పూర్తి తప్పు, ఒకటి అరతప్పు. మూడోది ఆ రోజు ఆట ఎలా సాగిందో తెలిస్తే గానీ చెప్పలేం.

పూర్తి తప్పు ‘బంతి’. బంతి అంటే దొర్లాలి, ఎగరాలి. ఆ రెండూ జరగకూడదనే ఐస్ హాకీలో బంతికి బదులు వాడే పక్ పుట్టింది. 1875 మార్చి 3న మాంట్రియల్‌లోని విక్టోరియా స్కేటింగ్ రింక్‌లో, కప్పు కింద, జట్టుకు తొమ్మిదిమందితో ఆడినప్పుడు బంతి ఎగిరి చూసేవాళ్లకు తగలకుండా గుండ్రటి చెక్క బిళ్ల వాడారు. ఇప్పటిది వల్కనైజ్ చేసిన గట్టి రబ్బరు: అడ్డం 3 అంగుళాలు, మందం 1 అంగుళం, బరువు 156 నుంచి 170 గ్రాములు. ఎంతైనా రబ్బరే కదా, వెచ్చగా ఉంటే ఎగురుతుంది. అందుకే ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ వృత్తి లీగ్) ఆటలకు ముందు దాన్ని ఫ్రీజర్‌లో ఉంచి బిగుసుకునేలా చేస్తారు. కాబట్టి నామవాచకంతోపాటు క్రియ కూడా మారాలి: బంతి దొర్లుతుంది, పక్ జారుతుంది. ఐస్ మీద నిజంగా బంతితోనే, జట్టుకు 11 మందితో ఆడే ఆట వేరే ఉంది. దాని పేరు బాండీ. మీ వాక్యం మనవాణ్ని ఆ ఆటలోకి పంపేసింది.

మరి తెలుగు మాట? రూపాయి బిళ్ల, బొట్టుబిళ్ల, తొక్కుడుబిళ్ల ఉండగా వెతుక్కోనక్కర్లేదు, ‘బిళ్ల’ చక్కగా సరిపోతుంది. చిక్కల్లా కర్రాబిళ్లతోనే. అందులో బిళ్ల చప్పటిది కాదు, రెండు కొసలూ చెక్కిన పొట్టి కర్రముక్క. ‘కర్రతో బిళ్లను కొట్టాడు’ అని చదివినవాడి మనసు రింక్ వదిలి ఊరి బయలుకు వెళ్లిపోతుంది. అందుకని మొదటిసారి ‘పక్ అనే రబ్బరు బిళ్ల’ అని, ఆ తరవాత ఒట్టి ‘పక్’ అని రాయండి. ‘చక్రం’ మాత్రం వద్దు, అది ఇరుసు మీద తిరిగేది.

బస్సు, కప్పు లాగా దీనికీ ఉకారం చేర్చి ‘పక్కు’ అనబోయేరు! పుండు మానేటప్పుడు పైన ఎండి కట్టేది పక్కు. ‘కర్రతో పక్కు లేపాడు’ అని అచ్చయితే ఆట వార్త కాస్తా ఆసుపత్రి వార్త అవుతుంది. పొల్లుతోనే ఉంచండి. విభక్తి చేర్చేటప్పుడు పొల్లు తరవాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు) కొట్టాలి. లేకపోతే ‘క’ కింద ‘న’ వత్తు చేరి ‘పక్‌ను’ కాస్తా ‘పక్ను’ అయి కూర్చుంటుంది.

అరతప్పు ‘మంచు’. గడ్డిమీద మెరిసేదీ మంచే, పొగలా కమ్మేదీ మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే. రింక్‌లో ఉండేది గడ్డకట్టిన నీళ్ల పలక. దానికి మనం ‘మంచుగడ్డ’ అంటాం. ఒట్టి ‘మంచు’ అంటే ఆరుబయట, రాలుతున్న మంచులో ఆడారేమో అనిపిస్తుంది. పుల్ల ఐసు తిని పెరిగిన భాషకు ‘ఐస్’ పరాయిది కాదు, ‘ఐస్ హాకీ’ అనే ఉంచండి. కెనడాలో ఒట్టి హాకీ అన్నా ఇదే అర్థం. ఇండియాలో చదివేవారికి మాత్రం గడ్డి మైదానం గుర్తొస్తుంది గనక మొదటి ప్రస్తావనలో పూర్తి పేరు తప్పదు.

ఇక ‘వరుసగా’. హ్యాట్రిక్ క్రికెట్ నుంచి వచ్చిన మాట. 1858లో షెఫీల్డ్‌లో హెచ్.హెచ్. స్టీఫెన్‌సన్ వరుసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు తీస్తే చందాలు వేసుకుని టోపీ కొనిచ్చారు. మన పత్రికలు ఎన్నికలకూ వాడి వాడి ‘వరుస’ను ఆ మాటకు అతికించేశాయి. ఐస్ హాకీలో ఆ షరతు లేదు. ఒకే ఆటగాడు ఒకే ఆటలో మూడు గోల్స్ చేస్తే చాలు, మధ్యలో ఎవరెన్ని చేసినా సరే. అప్పుడు ప్రేక్షకులు తమ టోపీలు తీసి ఐస్ మీదికి విసురుతారు, వాటిని ఏరేదాకా ఆట ఆగుతుంది. మధ్యలో ఏ జట్టు నుంచీ ఇంకొకరి గోల్ లేకుండా మూడూ అతనివే అయితే దాన్ని ‘నేచురల్ హ్యాట్రిక్’ అంటారు. మనవాడివి అలాంటివైతే మీ ‘వరుసగా’ ఒప్పే. కాకపోతే ‘ఐస్ హాకీలో మనవాడు మూడుసార్లు పక్‌ను గోల్‌లోకి పంపి హ్యాట్రిక్ సాధించాడు’ అని దిద్దుకోండి.