గోల్ఫ్ బంతి దూరం పోవాలంటే భుజబలం పెంచాలా?

గట్టిగా కొట్టేకొద్దీ బంతి కుడివైపుకి వంగిపోతోంది, దూరమూ రావడం లేదు, జిమ్‌లో భుజాలు పెంచితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఇప్పుడున్న బలమే మీకు అడ్డం పడుతోంది. ఆ బంతి 46 గ్రాములు కూడా తూగదు, దానికి పహిల్వాన్ ఎందుకండీ?

మాది నెల్లూరు జిల్లా, ఇందుకూరుపేట వైపు. మా బావమరిది చీమకుర్తిలో గ్రానైట్ పని చూసుకుంటాడు, మంచి దిట్టమైన మనిషి. నన్ను చూసి వాడూ గోల్ఫ్ మొదలుపెట్టాడు. సరైన చోట ఆడాలంటే మేం చెన్నై పోవాలి, అదీ వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట టోళ్లన్నీ కట్టుకుంటూ. ఇన్ని స్టేడియాలంటారు, జిల్లాకో ప్రాక్టీస్ రేంజ్ పెట్టాలని ఎవరికీ తోచదు. అందుకే పంట తీసేసి వరసగా ఎండబెట్టిన రొయ్యల గుంటల్లో చాప పరుచుకుని కొడుతుంటాం. వాడు కొట్టిన బంతులు మాత్రం కుడిపక్క నీళ్లున్న గుంటలోకి పోయి ఏరేటర్ల మధ్య పడేవి. ఆ గుంటాయన గట్టు మీదికొచ్చి "ఏందయ్యా, నా రొయ్యల మీద రాళ్లేస్తన్నారా?" అని కేకలేశాడు.

అప్పుడు వాడి చేతులు చూశాను. వేళ్ల కణుపులు తెల్లగా పాలిపోయాయి, ముంజేతి నరాలు తేలాయి, దవడ బిగుసుకుపోయింది. అలాంటి పట్టులో మణికట్టు తిరగదు. మణికట్టు తిరగకపోతే బలమంతా పిడి దగ్గరే ఆగిపోతుంది, క్లబ్ (బంతిని కొట్టే కర్ర) తలకి వేగం అందదు. పైగా కొట్టేయాలన్న తొందరలో కుడి భుజం ముందు దూకుతుంది, క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వస్తుంది, బంతి గిర్రున తిరుగుతూ కుడికి వంగుతుంది. మీకు జరుగుతున్నదీ ఇదే, చూడకుండానే చెప్పగలను.

బంతి తీసి పక్కన పెట్టాను. సెవెన్ ఐరన్ అనే ఇనుప తల క్లబ్‌ని తిరగేసి, ఆ తల దగ్గర పట్టుకుని ఊపమన్నాను. అలా ఊపితే గాలిని కోస్తూ ఝుయ్‌మని చప్పుడొస్తుంది. వాడికి అది కుడిచెవి పక్కనే వచ్చేసింది. అంటే బంతి దాకా రాకముందే వేగమంతా ఖర్చయిపోయిందన్నమాట. "ఆ సౌండ్ ఎడమ కాలు దగ్గర రావాలిరా" అన్నాను. "బలం పెట్టకపోతే యాడొస్తది బావా?" అన్నాడు. పట్టు వదులు చెయ్యి, తాపీగా పైకెత్తు, దిగేటప్పుడు ముందు నడుము తిప్పు, చేతులు వాటంతట అవే వస్తాయి అని చెప్పాను. మైపాడు వైపు విసురు వల వేసేవాళ్లని చూడండి. చేతుల జోరుతో తోస్తే వల ముద్దగా పడుతుంది, నడుము తిప్పి వదిలితే గుండ్రంగా విచ్చుకుంటుంది. ఇదీ అంతే.

చప్పుడు కొంచెం కొంచెంగా కిందికి జరిగింది. ముందు మోకాలి దగ్గరికి, తర్వాత ఎడమ పాదం దాకా. అప్పుడు బంతి పెట్టాను. టక్‌మంది, అంతే. చేతికి దెబ్బ తగిలినట్టే లేదట వాడికి. బంతి నేరుగా లేచి రెండో గట్టు దాటి పడింది.

ఇంకా నమ్మకం కుదరకపోతే సౌతాఫ్రికా ఆటగాడు ఎర్నీ ఎల్స్ ఊపు చూడండి. అంత పెద్ద మనిషి, బద్ధకంగా ఊపుతున్నట్టుంటుంది, బంతేమో ఎక్కడికో పోతుంది. ఆయన్ని 'బిగ్ ఈజీ' అనేది ఊరికే కాదు. మన అదితి అశోక్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బంతిని తక్కువ దూరం కొట్టేవాళ్లలో ఒకరు. అయినా ఒక్క స్ట్రోక్ (దెబ్బ) తేడాతో పతకం చేజారి నాలుగో స్థానంలో నిలిచింది. దూరం దూరం అని కుర్రాళ్లకి పిచ్చెక్కించే రీల్స్ వాళ్లు ఈ అమ్మాయి ఆట చూపిస్తే ఎంత బాగుండును!

జిమ్ ఫీజు, కొత్త డ్రైవర్ (దూరం కొట్టడానికి వాడే పొడుగు క్లబ్) రెండూ ప్రస్తుతానికి మానుకోండి. వేలకు వేలు పోసి డ్రైవర్ కొన్నా, ఈ బిగుసుకుపోయిన ఊపుతో బంతి ఇంకా ఎక్కువ వంగుతుంది. పాత సెవెన్ ఐరన్ ఒక్కటి చాలు. రేపు పొద్దున మిద్దె మీద బంతి లేకుండా తిరగేసి ఊపి, చప్పుడు ఎక్కడ వస్తోందో ఇక్కడే రాయండి. దాన్నిబట్టి పట్టు సంగతి వివరంగా చెప్తాను.