రెండు పెన్షన్లూ ఒకటే రకం ఎందుకు కావు?

పెన్షన్ ఏదైనా ప్రభుత్వం ఇచ్చే డబ్బే కదా, మరి ఒకదాన్ని సామాజిక బీమా అని, ఇంకోదాన్ని సామాజిక సహాయం అని ఎందుకంటారని అడిగారు. పరీక్ష ముందు టెన్షన్ పడకండి. పథకం పేరు పక్కన పెట్టి, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, దేన్ని చూసి ఇస్తున్నారు అని మాత్రమే చూడండి.

జర్మనీలో ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) బిస్మార్క్ హయాంలో 1889లో వృద్ధాప్య పెన్షన్ చట్టం వచ్చింది. కార్మికుడు, యజమాని చందా కట్టేవారు, ప్రభుత్వం కొంత కలిపేది. 70 ఏళ్లు నిండాక, కట్టిన చందా లెక్కన పెన్షన్ వచ్చేది. ఇది బీమా.

బ్రిటన్ 1908 చట్టంలోనూ వయసు 70 ఏళ్లే. కానీ చందా లేదు, మొత్తం పన్నుల డబ్బే. ఆదాయం తక్కువని తేలితేనే వారానికి గరిష్ఠంగా 5 షిల్లింగులు ఇచ్చేవారు. ఇది సహాయం.

ఈ తేడా కాగితం మీదిది మాత్రమే కాదు. చందా కట్టినవాడు నా హక్కు అని ధైర్యంగా అడుగుతాడు. పేదరికం నిరూపించుకోవాల్సిన చోట మాత్రం సిగ్గుతోనో, కాగితాల బెడదతోనో అర్హులే వెనక్కి తగ్గుతారు. నా దృష్టిలో సంక్షేమ విధానంలో అన్నిటికన్నా బాధపెట్టే విషయం ఇదే. మీ జవాబులో ఇది తప్పకుండా రాయండి.

మూడోది సార్వత్రిక పథకం. 1948లో మొదలైన బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవలా చందా, ఆదాయం చూడకుండా అందరికీ అందేది.

ఒకే పథకంలో రెండు లక్షణాలు కనిపిస్తే, అర్హతను ఏది నిర్ణయిస్తోందో దాన్నిబట్టి రకం రాయండి.